కాన్పు గదిలో అమ్మ

కాన్పు గదిలో ఎక్కువగా అరిచేది ఎవరని అడిగితే, నొప్పులు పడే మనిషేనని ఎవరైనా చెబుతారు. నేను ఉద్యోగం చేసిన గదిలో ఎక్కువగా అరిచింది మేము. "ముక్కు, ఇంకా ముక్కు" అని అరిచేవాళ్ళం. "కాళ్ళు కదిలించొద్దు" అని అరిచేవాళ్ళం. మొగుడి పక్కన పడుకున్నప్పుడు తెలియలేదా అని అడిగేవాళ్ళు కూడా మాలో ఉండేవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళే సాయంత్రం ఇంటికి వెళ్ళి పిల్లలకు అన్నం కలిపి పెట్టేవాళ్ళు. చెడ్డవాళ్ళు కాదు.

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మాది నేతపని ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, నర్సింగ్ స్కూల్లో ఇంగ్లీషు. నా మేనకోడలు ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవడం రాదు, కాబట్టి దానికి నేనే చదివి వినిపించాలి. నేను పనిచేసిన ఆసుపత్రి తిరుత్తణికీ తిరువళ్ళూరుకీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. అంతకు మించి చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను.

మా పద్ధతి ఇలా ఉండేది. నొప్పులతో వచ్చిన మనిషిని ఇనుప బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం. కాళ్ళు రెండూ పైకెత్తి పట్టీలకు తగిలించేవాళ్ళం. తాగడానికి నీళ్ళివ్వం. నొప్పులు బాగానే వస్తున్నా, తొందరగా కావాలని అందరికీ డ్రిప్పు పెట్టేవాళ్ళం. తొలికాన్పయితే అవసరం ఉన్నా లేకున్నా కింద కత్తిరించి కుట్లు వేసేవాళ్ళం. బిడ్డ తల దిగడం ఆలస్యమైతే ఆయా పక్కన స్టూలెక్కి కడుపుమీద మోచేత్తో నొక్కేది. ఆ మనిషిని కన్నతల్లి మాత్రం వరండాలో, మూసిన తలుపు బయట. ఇవన్నీ ఎందుకని మేమెవరమూ అడగలేదు. మాకు నేర్పినవాళ్ళను కూడా ఎవరూ అడిగి ఉండరు.

అడిగిన మనిషి ఒక చిన్న డాక్టరమ్మ. కోయంబత్తూరు వైపు నుంచి వచ్చింది. సన్నగా, కాస్త వంగి నడిచేది. మమ్మల్ని తిట్టలేదు, పాఠాలు చెప్పలేదు. ఏ పని చేస్తున్నా పక్కకొచ్చి నిలబడి, "ఇది ఎందుకు సిస్టర్?" అని తమిళంలో మెల్లగా అడిగేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత ఒకరోజు డ్రిప్పు పెట్టబోతూ, ఆమె అడగకముందే, ఇది ఎందుకు అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. 

మధ్యాహ్నం టీ వేళ ఆమె చదివినవి చెప్పేది. ఎన్నో దేశాల్లో ఎంతోమంది తల్లులను గమనించి రాసిన సంగతులు. మామూలు కాన్పులో మనిషిని పడుకోబెట్టి ఉంచాల్సిన పనిలేదు, నడవనివ్వొచ్చు, కూర్చోనివ్వొచ్చు, దాహమైతే నీళ్ళివ్వొచ్చు. అందరికీ కత్తిరించడం వల్ల మేలు లేదు, కుట్ల బాధే మిగులుతుంది. కడుపుమీద నొక్కడం ప్రమాదం. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా కోయకుండా ఉంటే బిడ్డకు రక్తం పడుతుంది. బిడ్డ పుట్టగానే తల్లికి తొడమీద వేసే సూది మాత్రం మానకూడదు, అది రక్తం పోకుండా కాపాడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తనవాళ్ళొకరు పక్కన ఉన్న మనిషికి కాన్పు సులువవుతుంది.

ఈ చివరి మాట దగ్గర మా పెద్ద సిస్టర్ లేచింది. ఆమే మా గదికి ఇన్‌ఛార్జి. పొడుగు మనిషి, పెద్ద గొంతు. ఆమె చేతుల్లో పుట్టిన ఆడపిల్లలు మళ్ళీ ఆమె దగ్గరికే కాన్పుకు వచ్చేవాళ్ళు.

"తోడొచ్చినామె కండ్లు తిరిగి పడితే ఎవురు చూసేది మేడం? కాన్పామెనా, ఆమెనా?" అంది. డాక్టరమ్మకు తెలుగు అర్థం కాకపోతే మళ్ళీ తమిళంలో అంది. ఆ తర్వాత నావైపు తిరిగి, "రేపేదన్నా అయితే ఆమే మన మింద సాక్షి చెప్తాది, చూస్తా ఉండు" అంది.

అయినా మొదలుపెట్టాం. బల్లల మధ్య తెరలు కావాలంటే మా ఇంట్లో నేతలో తప్పుపడి మిగిలిన లుంగీ గుడ్డలు కుట్టించి తెచ్చాను. గీతల గుడ్డలతో మా గది ఏదో పెళ్ళివారి విడిదిలా ఉందని ఆయా నవ్వింది. నేలమీద చాపలు, కూర్చోడానికి ఒక పొట్టి పీట. నొప్పులు పడే మనిషి వెంట తల్లో, అక్కో, వదినో ఒకరు. తొలిసారి కత్తెర ముట్టకుండా కాన్పు చేసిన రోజు నా చేతులు ఊరుకోలేదు. వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. బిడ్డ మెల్లగా, తనంతట తాను వచ్చాడు. ఆ తల్లి మర్నాడు పొద్దున బాధ లేకుండా కూర్చుని ఇడ్లీ తింటుంటే చూసి, కుట్లు లేని బాలింత ఇలా కూర్చుంటుందా అనుకున్నాను. అన్నేళ్ళ ఉద్యోగంలో చూసి ఉండలేదు.

గది నెమ్మదించింది. అరుపులు తగ్గాయి, మావి కూడా. పెద్ద సిస్టర్ ఒప్పుకున్నానని నోటితో అనలేదు. కానీ ఒకరోజు తోడెవరూ లేని ఒక అమ్మాయి వచ్చింది. ఇంట్లోవాళ్ళకు ఇష్టంలేని పెళ్ళి. నేను భోజనానికి వెళ్ళి వచ్చేసరికి పెద్ద సిస్టర్ చాపమీద గోడకానుకుని కూర్చుని, ఆ అమ్మాయిని తన కాళ్ళమధ్య కూర్చోబెట్టుకుని నడుం రాస్తోంది. నన్ను చూసి, "ఏంది చూస్తా ఉండావు, కాఫీ తీసుకురా పో" అంది.

ఇక ఆ రోజు సంగతి.

కృత్తిక, తిరుత్తణి స్వామికి పండగ. రోడ్డంతా తిరుత్తణి కొండకు కావళ్ళు మోసుకుని నడిచేవాళ్ళు. పొద్దున్నే పక్క పల్లెనుంచి ఒకామె కూతుర్ని తీసుకుని వచ్చింది. వరి మడిచెక్క సాగు చేసుకునే ఇల్లు. కూతురికి తొలికాన్పు. అల్లుడు కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని, నొప్పులు మొదలయ్యాయని ఫోను చేస్తే షిఫ్టు వదిలి రానివ్వలేదట. అమ్మాయి ఆరోగ్యంగా ఉంది. రక్తం బాగుంది, బీపీ బాగుంది, బిడ్డ గుండె బాగుంది. భయపడాల్సింది ఒక్కటీ లేదు. మేమందరం తర్వాత ఎన్నోసార్లు వెనక్కి వెళ్ళి వెతికాం. లేదు.

తల్లీకూతుళ్ళిద్దరూ వరండా దాకా నడిచారు, మళ్ళీ వచ్చారు. నొప్పి వచ్చినప్పుడు ఆ అమ్మాయి తల్లి మెడ పట్టుకుని వేలాడేది. తల్లి కదలకుండా రాయిలా నిలబడేది. ఒకసారి మాత్రం, "మెల్లింగా మే, నా మెడ ఇరిగితే నీ బిడ్డకి నీళ్ళెవురు పోస్తారు?" అంది. కూతురు నొప్పిలోనే నవ్వింది.

మధ్యాహ్నం కాకముందే ఆడపిల్ల పుట్టింది. పొట్టి పీటమీద, తల్లి వెనకనుంచి పట్టుకుని ఉండగా. కోత లేదు, చిరుగు లేదు. తొడమీద సూది వేశాం. బిడ్డను అమ్మాయి రొమ్ముమీద పెట్టాం. మాయ మొత్తంగా వచ్చింది. డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అమ్మాయి బిడ్డ తలమీద వేలు పెట్టి, "ఎంత జుట్టు మా!" అంది.

ఆ తర్వాత, "ఊపిరి ఆడతా లేదు సిస్టర్" అంది.

పెదాలు నల్లబడ్డాయి. నేను ఆక్సిజన్ పెట్టేలోపల కింద రక్తం మొదలైంది. అదీ మామూలు రక్తం కాదు. నీళ్ళలా పలచగా, గడ్డకట్టకుండా, ఆగకుండా. ఉద్యోగంలో రక్తస్రావాలు చూశాను. ఏం చేయాలో మాకు తెలుసు, చేయాల్సినవన్నీ వరసగా చేశాం. రెండు చేతులకూ సెలైన్, సూదులు, ఉన్న రక్తం ఎక్కించాం. డాక్టరమ్మ ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి కడుపుమీద పెట్టి గర్భసంచిని నొక్కి పట్టుకుంది. తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి ఫోను చేశాం. 108 వచ్చింది. నొక్కిన చేతులు తీయకుండానే డాక్టరమ్మ స్ట్రెచర్ వెంట ఆంబులెన్సు ఎక్కింది. నేనెక్కాను. తల్లి ఎక్కింది. దిగమని ఎవరమూ అనలేదు. పెద్ద సిస్టర్ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మెట్లమీద నిలబడిపోయింది.

ఆంబులెన్సు కావళ్ళ గుంపులో చిక్కుకుందని తర్వాత కొందరన్నారు. అది నిజం కాదు. సైరన్ వినగానే పసుపు గుడ్డల కావడివాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని రోడ్డు పక్కకు గోడకట్టినట్టు నిలబడ్డారు. "అరోహరా" అంటూ మాకోసం మొక్కారు. దారి ఎక్కడా ఆగలేదు. లోపల మేమూ ఆగలేదు. తల్లి కూతురి చెవిదగ్గర వంగి ఏదో చెబుతూనే ఉంది. పెద్దాసుపత్రిలో కూడా చాలాసేపు ప్రయత్నించారు. చివరికి ఒక పెద్ద డాక్టరు బయటికి వచ్చి, మా డాక్టరమ్మ చేతులు చూసి, ముందు కూర్చోమన్నాడు. అప్పుడే మాకు అర్థమైంది.

సాయంత్రానికి నేను ఆ తల్లిని వెంటబెట్టుకుని బిడ్డకోసం మా ఆసుపత్రికి తిరిగి వచ్చాను. గేటు దగ్గర జనం. అల్లుడు, అతనితో రేవులో పనిచేసేవాళ్ళు, ఊరివాళ్ళు. ఎవరో సెల్‌ఫోనులో వీడియో తీస్తున్నారు. వార్త మాకంటే ముందే వచ్చింది, వస్తూ వస్తూ మారిపోయింది. మనిషిని నేలమీద పడేశారట. డ్రిప్పు కూడా పెట్టలేదట. కాన్పు చేసింది డాక్టరు కాదు, ముసలమ్మట.

"యాడ ఆ డాక్టరు? బయటికి రమ్మను!" అల్లుడు వరండా గ్రిల్లు పట్టుకుని ఊపుతున్నాడు. ఇరవై దాటి కొన్నేళ్ళయిన కుర్రవాడు. సేఫ్టీ బూట్లు కూడా విప్పలేదు. "నా పెండ్లాన్ని గొడ్డుని ఈనిచ్చినట్టు నేలమింద ఈనిచ్చినారంట! డ్రిప్పు యాల పెట్టలేదు? దుడ్డు లేనోళ్ళమనా?"

గ్రిల్లుకు అవతల పెద్ద సిస్టర్ బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమె పెద్ద గొంతు ఆ రోజు రాలేదు. ఎవరి చేతిలోనో రాయి కనబడింది నాకు. నేను ఏదో చెప్పబోయాను. నా యూనిఫారం నిండా రక్తం. అది చూసి జనం ఇంకా గట్టిగా అరిచారు.

తల్లి నన్ను పక్కకు జరిపింది. మెట్టెక్కింది.

"నేను లోపలే ఉండాను రా" అంది అల్లుడితో.

ఆమె గొంతు పెద్దది కాదు. వినడానికి జనమే నోరు మూసుకోవాల్సి వచ్చింది.

"పొద్దున్నించీ లోపలే ఉండాను. దాన్ని ఎవురూ ఒక్క మాట అనలేదు. నీళ్ళు తాపించినారు, నడుం నిమిరినారు. నేలమింద కూసుంటానని అదే అనింది. బిడ్డని రొమ్ము మింద పెడితే నవ్వింది రా నీ పెండ్లాము. ఎంత జుట్టు మా అనింది. ఆ ఎనకనే వచ్చింది ఆ చావు. ఆ డాక్టరమ్మ చెయ్యి తియ్యలేదు రా. ఈడ పెట్టిన చెయ్యి తిరువళ్ళూరు దాకా తియ్యలేదు. ఆమె చెయ్యి మొద్దుబారి పోయిండాది, నేను చూసినాను."

అల్లుడు ఏదో అనబోయాడు.

"నన్ను బయట కూసోబెట్టి ఉంటే," అందామె, "మొదటి రాయి నేనే ఏసుందును. నేను లోపల ఉండాను కాబట్టి చెప్తా ఉండాను. పోండి. అందురూ ఇండ్లకి పోండి. నాయనా, నువ్వు రా. బిడ్డని చూడు."

అతను గ్రిల్లు వదిలి మెట్లమీద కూలబడ్డాడు. బూట్ల లేసులు విప్పుతూ, విప్పలేక, ఏడ్చాడు. రాయి పట్టుకున్నవాడు దాన్ని ఎక్కడ పడేయాలో తెలియక కాసేపు నిలబడి, మెల్లగా గోడపక్కన పెట్టి వెళ్ళిపోయాడు. పెద్ద సిస్టర్ తలుపు తెరిచి బిడ్డను ఆ తల్లి చేతుల్లో పెట్టింది. సాక్షి గురించి తను అన్న మాట ఆమెకు గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు.

తర్వాత తిరువళ్ళూరులో విచారణ జరిగింది. తల్లి చనిపోతే ఎప్పుడూ జరిగేదే. కాన్పు సమయంలో బిడ్డ చుట్టూ ఉన్న నీరు తల్లి రక్తంలో కలిసిందనీ, ఎప్పుడో ఒకరికి అలా అవుతుందనీ, ముందుగా పసిగట్టడం ఎవరివల్లా కాదనీ తేల్చారు. పీటకూ చాపకూ, పెట్టని డ్రిప్పుకూ దీనితో సంబంధం లేదన్నారు. ఆ అమ్మాయి తల్లిని కూడా పిలిచారు. ఆమె బస్సెక్కి వచ్చి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, గేటు దగ్గర చెప్పిందే మళ్ళీ చెప్పింది. మా తప్పు లేదన్నారు.

మేము లేచి నిలబడ్డాక ఒక అధికారి, పరిస్థితి సర్దుకునేదాకా కాన్పు గదిలోకి బయటివాళ్ళెవరినీ రానివ్వొద్దన్నాడు. అందరికీ బల్లే. అందరికీ డ్రిప్పు. వీడియో చాలామంది చూశారట.

 పెద్ద సిస్టరే అంది: "సార్, ఆ రోజు మమ్మల్ని కాపాడింది లోపలికి రానిచ్చిన ఆ మనిషే కదా?"

అధికారి కఠినమైనవాడు కాదు. అలసినవాడు. "నువ్వు చెప్పేది సరేనమ్మా" అన్నాడు. "ఈసారి ఆమె మీ పక్షాన చెప్పింది. ఇంకోసారి ఇంకొకరు అలా చెప్పకపోతే?"

చెల్లెళ్ళూ, ఈ సంగతి నేను చాలాకాలం ఆలోచించాను. ఎంతోమంది తల్లులను, ఎన్నో ఏళ్ళు గమనించి తేల్చిన సంగతిని, ఒక్క చావు ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టింది. ఆ చావుకూ దానికీ సంబంధం లేదని తేల్చినవాళ్ళే తుడిచిపెట్టారు. ఇందులో దుర్మార్గులెవరైనా ఉంటే నాకు సులువుగా ఉండేది. వెతికాను. దొరకలేదు. అందరూ భయపడ్డారు, అంతే.

డాక్టరమ్మ కొన్ని వారాలు మాతో పనిచేసింది. ఇది ఎందుకు అని అడగడం మానేసింది. బిడ్డ పుట్టగానే తల్లి ముఖంవైపు చూసి, చూస్తూనే ఉండిపోయేది, పక్కనుంచి మేము పిలిచేదాకా. ఒకరోజు నాతో, "ఇంక ఈ గదిలోకి రాలేను సిస్టర్" అంది. బదిలీ అడిగి తీసుకుంది. ఇప్పుడు చెన్నైలో ఏదో ఆఫీసులో, రోగులను చూడక్కర్లేని పనిలో ఉందని విన్నాను. మంచి చేతులు ఆమెవి.

లుంగీ గుడ్డల తెరలు పెద్ద సిస్టర్ విప్పింది. ఉతికి, మడతపెట్టి నాకు తిరిగి ఇచ్చింది. ఇంటికి తీసుకెళ్ళిన తర్వాత అవి దేనికి వాడామో గుర్తులేదు.

ఆ తల్లి మళ్ళీ మా ఆసుపత్రికి వచ్చింది, బిడ్డకు టీకా వేయించడానికి. టీకాలు వేసేది మా వరండా చివర. బిడ్డ బాగుంది, బుగ్గలు వచ్చాయి. అల్లుడు జీతంలోంచి పాలకు పంపుతున్నాడనీ, సెలవుకు వచ్చినప్పుడు బిడ్డను భుజంమీంచి దించడనీ చెప్పింది. నేను ఆ మాటలు వింటున్నాను గాని, ఆమె చెవి మా గదివైపే ఉంది. లోపల ఒక అమ్మాయి బల్లమీద "అమ్మా, అమ్మా" అని అరుస్తోంది. బయట ఆ అమ్మాయి తల్లి తలుపుకు తల ఆనించి ఏడుస్తోంది.

"లోపల ఆ బిడ్డ దెగ్గిర ఎవురుండారు?" అని అడిగింది నన్ను.

"ఎవరూ లేరమ్మా. మనుషుల్ని రానివ్వొద్దన్నారు."

"నేను చెప్పినాను గదా వాళ్ళకి."

"చెప్పినావమ్మా."

"ఇంకేమి మళ్ళ?"

 ఆమె నా ముఖం చూసింది. కోపంగా కాదు. తర్వాత బిడ్డను భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, ఏడుస్తున్న ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వరండా దిగి కట్టడం వెనక్కి వెళ్ళారు. మా గదికి వెనకవైపు ఒక కిటికీ ఉంది, మెష్ కొట్టింది. నేను లోపలికి వెళ్ళేసరికి కిటికీ అవతల రెండు తలలు.

"ఏడవొద్దు" అంటోంది బిడ్డనెత్తుకున్నామె. "నువ్వేడిస్తే దానికి ఇనపడతాది. పేరు పెట్టి పిలువు. నొప్పొచ్చినప్పుడు పిలువు. గట్టింగా."

ఆ అమ్మాయి తల్లి పిలిచింది. బల్లమీద అమ్మాయి కాళ్ళు పట్టీల్లో ఉన్నాయి, చేతికి డ్రిప్పు ఉంది. తల ఒక్కటే తిప్పగలిగింది. తిప్పి, కిటికీవైపు చూసింది. అరుపు తగ్గింది.

నేను పెద్ద సిస్టర్ వైపు చూశాను. ఆమె చేతికి గ్లవ్సు తొడుక్కుంటూ, "కిటికీ ముయ్యమని ఎవురూ చెప్పలేదే" అంది.

బిడ్డ పుట్టేదాకా ఆ గొంతులు ఆగలేదు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. నేను బయటికి వెళ్ళి మగబిడ్డ అని చెప్పేసరికి, టీకా బిడ్డ అమ్మమ్మ బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.

కుట్లు వేస్తుంటే ఆ అమ్మాయి అడిగింది. "మాయమ్మ గొంతు తెలస్తాది సిస్టర్. ఆ ఇంకొకామె ఎవురు?"

ఎవరో, మనవరాలికి టీకా వేయించడానికి వచ్చినామె అన్నాను. ఆ అమ్మాయి తృప్తిగా కళ్ళు మూసుకుంది. అప్పుడే బిడ్డను కన్న మనిషికి అంతకంటే ఎక్కువ చెప్పకూడదు.